ఆగుతుందిలే

మా పై ఫ్లోర్‌లో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు ఉన్నాడు. వాడి గదిలో రెండడుగుల గాజు తొట్టి, అందులో పదకొండు చేపలు. తొట్టి అంచుకి బయటివైపు వేలాడుతూ ఒక ఫిల్టర్ పెట్టె ఉంటుంది. అక్రిలిక్ షీటు కోసి, చేత్తో అతికించి చేసినది. తొట్టి అడుగున ఉన్న చిన్న పంపు నీటిని ఈ పెట్టెలోకి ఎత్తిపోస్తుంది. ఆ నీరు స్పాంజిలోంచి, రాళ్ళలోంచి దిగి, పెట్టె ముందు అంచు మీదుగా మళ్ళీ తొట్టిలోకి జారుతుంది. ఒక ఆదివారం కడుగుతుంటే పెట్టె చేతిలోంచి జారింది. అడుగు అతుకు దగ్గర మూడంగుళాల మేర విచ్చుకుంది. వాడు దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చాడు, ఇంజనీర్ అంకుల్‌ని కదా. నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. కానీ అపార్ట్‌మెంట్ లెక్కలో ఇంజనీర్ అంటే సీలింగ్ ఫ్యాన్ నుంచి వైఫై దాకా అన్నీ తెలిసినవాడు.

నా సొరుగులో ఒక సూపర్ గ్లూ ట్యూబు ఉంది. చెప్పులకీ, కళ్ళజోడుకీ, ఛార్జర్ పిన్నుకీ వాడేదే. పెట్టెని తుడిచి, చీలిక పొడుగునా పూసి, గట్టిగా నొక్కి పట్టుకున్నాను. నిమిషం కూడా పట్టలేదు. అతుకు చుట్టూ తెల్లగా బూడిద పట్టినట్టు ఒక పొర వచ్చింది. అది చూసి ఒక్క క్షణం అనుమానమొచ్చిన మాట నిజం. రోజంతా నీళ్ళు నిండి ఉండే పెట్టెకి ఇది పనికొస్తుందా? ఫోను జేబులోనే ఉంది. తియ్యలేదు.

"ఆగుతుందా అంకుల్?" అన్నాడు.

"ఆగుతుందిలే" అన్నాను.

పంతొమ్మిది రోజులు ఆగింది. ఆ తర్వాతి రాత్రి ఎప్పుడో అతుకు వదిలేసింది. పెట్టె కారుతోందని పంపుకి తెలీదు. దాని పని అది చేసుకుంటూ పోయింది. తొట్టిలో నీళ్ళని పెట్టెలోకి ఎత్తింది, పెట్టె ఆ నీళ్ళని నేల మీద పోసింది. పంపుని తొట్టి మూలన, గులకరాళ్ళు పక్కకి జరిపి అడుగుకంటా పెట్టాం కాబట్టి నీళ్ళు రాళ్ళ మట్టం కిందకి దిగేదాకా లాగేసింది. పొద్దున వాడు లేచేసరికి చేపలు రాళ్ళ మీద ఉన్నాయి. పంపు మూలన, గుంటలో మిగిలిన కాసిని నీళ్ళలో మూడు బతికున్నాయి.

వాడు ఏడుస్తూ రాలేదు. ఏడ్చేశాక వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగాడు. "మీకు తెలీదా అంకుల్? తెలిసీ చెప్పలేదా?"

"నాకు తెలీదురా" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ రోజు నుంచీ అది నిజమేనా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

*

ముందు నేనన్న మాటలో చివరి అక్షరం సంగతి చూద్దాం.

"ఆగుతుంది" అనేది ఆ పెట్టె గురించి చెప్పే మాట. అది తప్పో ఒప్పో తేల్చొచ్చు. "ఆగుతుందిలే" అన్నప్పుడు మాట పెట్టె మీంచి మనిషి మీదకి మళ్ళుతుంది. ఇక దీని గురించి అడక్కు, నువ్వూ కంగారుపడకు, నన్నూ కంగారుపెట్టకు అని దానర్థం. వస్తాను అన్నవాడి కోసం ఎదురుచూస్తాం. వస్తాలే అన్నవాడి కోసం అన్నం ఉంచం. చూద్దాంలే, ఏం కాదులే, పోనీలే, సర్దుకుంటుందిలే. ఈ "లే" లేకపోతే మన ఇళ్ళల్లో రోజు గడవదు. జ్వరంతో పడుకున్న బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి "తగ్గిపోతుందిలే" అంటుంది అమ్మ. అందులో దయ ఉంది. ఆమె మాత్రం ఆ రాత్రి పడుకోదు. మధ్యలో రెండుసార్లు లేచి నుదురు తడిమి చూస్తుంది.

నేను ఆ మాటని వాడి కోసం అనలేదు. నా అనుమానాన్ని నోరు మూయించడానికి అన్నాను. మళ్ళీ వెళ్ళి తడిమి చూడనూ లేదు. పైగా ఆ మాటకి ఒక ఇంజనీర్ పలుకుబడి తోడైంది. అదే మాట వాడి తాతయ్య అనుంటే, వాడు ఇంకొకర్ని కూడా అడిగేవాడేమో.

*

డబ్ల్యూ. కె. క్లిఫర్డ్ అని ఇంగ్లండ్‌లో ఒక గణిత శాస్త్రజ్ఞుడుండేవాడు. 1877లో ఆయన నమ్మకంలోని నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. దాని మొదట్లోనే ఒక ఓడ యజమాని కథ ఉంటుంది. ఓడ పాతది, చాలాసార్లు మరమ్మతులు చేసింది. వలస పోయే కుటుంబాలని ఎక్కించుకుని సముద్రం మీదకి వెళ్ళబోతోంది. దీన్ని పూర్తిగా విప్పి బాగుచేయించాలేమో అని యజమానికి అనుమానం. అది ఖర్చుతో కూడిన అనుమానం. ఇన్ని ప్రయాణాలు చేసి క్షేమంగా తిరిగొచ్చిన ఓడ ఇప్పుడూ వస్తుంది, దేవుడున్నాడు అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. చివరికి మనస్ఫూర్తిగా నమ్మాడు. ఓడ మునిగింది. అతను ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుని ఊరుకున్నాడు.

క్లిఫర్డ్ అనేది, ఆ నమ్మకం ఎంత నిజాయితీదైనా అతన్ని కాపాడదని. ఆ నమ్మకం వెతికి సంపాదించుకున్నది కాదు, అనుమానాన్ని నొక్కేసి తయారుచేసుకున్నది. అలా నమ్మే హక్కు అతనికి లేదు. అక్కడితో ఆగకుండా ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఒకవేళ ఓడ క్షేమంగా ఒడ్డు చేరినా అతని తప్పు వీసమెత్తు తగ్గదంటాడు. దొరకలేదంతే.

ఈ రెండో మాట నాకు చాలా కష్టమనిపించింది. దీని ప్రకారం నా తప్పు ఇరవయ్యో రాత్రి జరగలేదు. ఆదివారం మధ్యాహ్నం, ట్యూబు మూత తీసినప్పుడే జరిగిపోయింది. ఆ పంతొమ్మిది రోజులూ చేపలు హాయిగా ఈదుతున్నప్పుడు, లిఫ్టులో కనబడి "సూపర్‌గా ఉంది అంకుల్" అని వాడు అన్నప్పుడు, నేను మురిసిపోయినప్పుడు కూడా తప్పులోనే ఉన్నాను. ఇంకో కోణంలో ఇది మరీ ఇబ్బంది. ఆ ట్యూబుతో ఇంతకు ముందు నేను అతికించినవి ఎన్నో ఉన్నాయి. ఆఫీసులో శుక్రవారం సాయంత్రం "ప్రస్తుతానికి" అని పెట్టి, మూడేళ్ళుగా నడుస్తున్న కోడ్ ప్యాచ్‌లూ ఉన్నాయి. అవి ఆగాయి కాబట్టి నేను మంచి పనివాణ్ణి అనుకుంటున్నాను.

దాదాపు వందేళ్ళ తర్వాత, 1976లో, బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు దీన్నే ఇంకో వైపు నుంచి తవ్వారు. ఒకేలాంటి పని చేసిన ఇద్దరిలో ఒకడికి అదృష్టం కలిసొస్తుంది, ఇంకొకడికి రాదు. మనం రెండోవాణ్ణే ఎక్కువ నిందిస్తాం. ఇది న్యాయమా? క్లిఫర్డ్ అయితే కాదనే అంటాడు. విలియమ్స్ అంత తేలిగ్గా వదలడు. తన తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు తన లారీ కింద పడితే ఆ డ్రైవర్‌కి కలిగే బాధ, పక్కన నిలబడి చూసినవాడి బాధ లాంటిది కాదు. "నీ తప్పేం లేదులే" అని మనం ఓదారుస్తాం, నిజమే. కానీ అతను వెంటనే ఓదారిపోయి టీ తాగడానికి వెళ్ళిపోతే మనకే ఏదోలా ఉంటుంది. చేసినవాడికీ జరిగినదానికీ మధ్య, తప్పొప్పుల లెక్కకి అందని ఒక ముడి ఉంటుంది.

నాకు ఈ ఇద్దరూ కావాలి. తప్పు ఎక్కడ జరిగిందో క్లిఫర్డ్ చూపించాడు. కానీ ఆ ఎనిమిది చేపలని పాలిథిన్ సంచిలో వేసి వాడితో కలిసి కిందకి దిగి, అపార్ట్‌మెంట్ వెనక వేపచెట్టు కింద మట్టి తవ్వినప్పుడు నాకు అనిపించినదానికి క్లిఫర్డ్ దగ్గర మాట లేదు. ఓడ మునిగినా మునక్కపోయినా తప్పు ఒకటే కావచ్చు. మునిగాక చెయ్యాల్సిన పనులు మాత్రం వేరు.

*

ఆ వారం పెట్టె పట్టుకుని, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని రాణిగంజ్ వైపు వెళ్ళాను. షాపులకి అక్రిలిక్ బోర్డులు, అక్షరాలు కోసిచ్చే ఒక చిన్న దుకాణం. అందులో నడివయసు మనిషి. పెట్టెని అటూ ఇటూ తిప్పి, చీలిక మీద నేను పూసిన తెల్లటి మచ్చని గోరుతో గీకాడు. పెచ్చులా ఊడొచ్చింది.

"గిది ఎవరు పెట్టిన్రు సార్?"

"నేనే."

అతను నవ్వలేదు. అది నయం. "ఇది అంటుకునేది కాదు సార్, కరిగేది" అన్నాడు.

ఆ ఒక్క మాట వెనకున్న రసాయన శాస్త్రం నేను ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చదివి పాసయిందే. అక్రిలిక్ అంటే పాలీ మిథైల్ మెథాక్రిలేట్. 1930ల నుంచి పెర్‌స్పెక్స్, ప్లెక్సీగ్లాస్ అని రకరకాల పేర్లతో అమ్ముతున్న, గాజులా కనబడే ప్లాస్టిక్. శుక్లాల ఆపరేషన్ తర్వాత మన తాతలకీ అమ్మమ్మలకీ కంట్లో పెట్టిన గట్టి లెన్సులు కూడా చాలాకాలం ఈ పదార్థంతో చేసినవే. లోపల చూస్తే పొడుగాటి అణువుల గొలుసులు, గిన్నెలో సేమ్యాలా ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి.

సూపర్ గ్లూ, అంటే సైనోఅక్రిలేట్, ఆ గొలుసుల జోలికి పెద్దగా పోదు. గాల్లో ఉన్న తేమ తగలగానే గట్టిపడి, రెండు ముక్కల మధ్య పలచటి, పెళుసైన పొరలా నిలబడుతుంది. నిలువుగా లాగితే గట్టిగానే పట్టుకుంటుంది. కానీ వంగితే, అదిరితే, అంచు నుంచి ఒలిచినట్టు లాగితే తట్టుకోలేదు. పెట్టెలో నీటి బరువుకి అక్రిలిక్ కొద్దిగా వంగుతూనే ఉంటుంది. పంపు అదురు రోజంతా ఉంటుంది. తేమతో గట్టిపడిన ఆ పొర, అదే నీటిలో రోజుల తరబడి నానితే బలహీనపడుతుంది కూడా. పగడాల ముక్కలని రాళ్ళకి అంటించడానికి సముద్రపు చేపల తొట్లు పెట్టేవాళ్ళు ఇదే జిగురు చిక్కటి రకాన్ని వాడతారు, అక్కడ బాగా పనిచేస్తుంది కూడా. పగడం ముక్క మోయాల్సిన బరువు వేరు, పెట్టె అడుగు మోయాల్సిన బరువు వేరు.

మరి సిలికోన్? చేపల తొట్లన్నీ దానితోనే కదా చేస్తారు అని అడిగాను. దానికీ అతని దగ్గర జవాబుంది. "అది గ్లాసుకు సార్. దీనికి పట్టదు, ఒలిస్తే వచ్చేస్తది." నిజమే. వెనిగర్ వాసనొచ్చే ఆ సిలికోన్‌లోనూ, గాజులోనూ సిలికాన్, ఆక్సిజన్ బంధాలే వెన్నెముక. అవి రెండూ దగ్గరి చుట్టాలు కాబట్టి కలుస్తాయి. అక్రిలిక్‌కి ఆ చుట్టరికం లేదు. అక్కడ సిలికోన్ సందుని పూడుస్తుంది కానీ బరువు మోసే అతుకు కాలేదు.

అతను మూల నుంచి చిన్న చిప్పు విరిచి లైటర్‌తో వెలిగించి చూశాడు. నల్లటి మసి ఎగరలేదు, తీపి వాసనొచ్చింది. అక్రిలిక్కే, చౌక పాలీస్టైరిన్ కాదు. పాత జిగురంతా బ్లేడుతో గీకేశాడు. అంచులు నున్నగా రుద్దాడు. ఒక సీసాలోంచి సిరంజిలోకి నీళ్ళలాంటి ద్రవం తీసుకుని, రెండు అంచులూ కలిపి పట్టుకుని, సూదిని చీలిక వెంట నడిపాడు. ద్రవం దానంతటదే సందులోకి పాకింది. సందు కొంచెం ఎక్కువున్న చోట, అదే ద్రవంలో అక్రిలిక్ తురుము కరిగించిన చిక్కటి పాకం పెట్టాడు. చివరికి చీలిక మీదుగా ఒక సన్నటి అక్రిలిక్ పట్టీ వేశాడు.

ఆ ద్రవం రెండు వైపులా అంచుల్ని కొంచెం కరిగిస్తుంది. గొలుసులు వదులై అటువి ఇటూ ఇటువి అటూ కలిసిపోతాయి. తర్వాత ద్రవం ఆవిరైపోతుంది. మధ్యలో మిగిలేది అక్రిలిక్ మాత్రమే. జిగురు అంటూ అక్కడేమీ ఉండదు. ఇనుమునీ మనసునీ పోల్చే వేమన పద్యం మనమంతా బళ్ళో బట్టీపట్టిందే. అందులో కమ్మరి చేసే పని కూడా ఇదేనని అక్కడ నిలబడ్డప్పుడు తట్టింది. కమ్మరి రెండు ఇనప ముక్కల మధ్య ఇంకేదో పూయడు. రెంటినీ మెత్తబడేదాకా కాచి, ఒకదానిలోకి ఒకటి దిగేలా కొడతాడు.

*

కథ ఇక్కడితో ఆపేస్తే చక్కగా ఉంటుంది. సరైన జిగురు దొరికింది, అజ్ఞానం తొలిగింది. కానీ ఆ సీసాలో ఉన్నది క్లోరోఫామ్.

మన దగ్గర చిన్న అక్రిలిక్ దుకాణాల్లో మామూలుగా వాడేది అదే. మిగతా చోట్ల ఎక్కువగా డైక్లోరోమీథేన్ కలిసిన ద్రావకాలు. రెండూ అక్రిలిక్‌ని అద్భుతంగా కరిగిస్తాయి. రెండూ ఊపిరిలోంచి మనిషిలోకి కూడా అంతే సులువుగా వెళ్తాయి. క్లోరోఫామ్ ఏళ్ళ తరబడి పీలిస్తే కాలేయానికి, మూత్రపిండాలకి చేటు. డైక్లోరోమీథేన్ ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దాని వాడకాల్లో చాలా వాటిని అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నిషేధించింది. ఈ దుకాణం పది అడుగుల గది. కిటికీ లేదు. ఒక టేబుల్ ఫ్యాను గోడవైపు తిరిగి ఉంది.

"మాస్క్ పెట్టుకోవా అన్నా?" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న సార్. ఏం కాదులే."

ఆ "లే" వినగానే ఉలిక్కిపడ్డాను. అది అచ్చం ఓడ యజమాని వాదన. ఇన్నిసార్లు వెళ్ళొచ్చింది, ఇప్పుడూ వస్తుంది. తేడా ఏంటంటే ఇక్కడ ఓడ అతనిదే, అందులో ప్రయాణించేదీ అతనే. ఆ మాట నమ్మితే లాభం మాత్రం నాకు. నా చేతి పెట్టె బాగుపడుతుంది, అదీ నూట యాభై రూపాయలకి. అతని మాటని నేను ఒప్పుకోవడం ఎంత తేలికో గమనించాను. నా చేపల విషయంలో చాలదని తేలిన సాక్ష్యం, అతని కాలేయం విషయంలో ఎలా సరిపోయింది?

ఇదే ఊళ్ళో, ఇదే ద్రవం గురించి, ఇంతకంటే పెద్ద "లే" ఒకటి ఉంది. 1880ల్లో హైదరాబాద్‌లో ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ ఉండేవాడు, ఇక్కడి మెడికల్ స్కూలుకి ప్రిన్సిపాల్ కూడా. ఆపరేషన్‌కి ముందు క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా చనిపోయేవాళ్ళు. గుండె ఆగి చనిపోతున్నారని కొందరు డాక్టర్లన్నారు. లారీ ఎడింబరోలో నేర్చుకున్న పాఠం వేరు. ముందు ఆగేది ఊపిరి, గుండె తర్వాత. ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, క్లోరోఫామ్ క్షేమం. దీన్ని నిరూపించడానికి నిజాం ప్రభుత్వం అండతో 1888లో ఒక కమిషన్ వేశారు. లండన్ వాళ్ళు ఒప్పుకోకపోతే 1889లో రెండోది వేశారు. లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టర్ ఓడెక్కి ఇక్కడికొచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. లారీ చెప్పిందే నిజమని తేల్చారు. వైద్య చరిత్రలో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అంటే అదే. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్, తేలికపాటి మోతాదు క్లోరోఫామ్‌లో ఉన్న గుండె ఉన్నట్టుండి లయ తప్పి కొట్టుకులాడి ఆగిపోగలదని చూపించాడు. ఊపిరి మాత్రమే చూస్తూ కూర్చున్నవాళ్ళకి అది కనబడే అవకాశమే లేదు.

లారీ కథ క్లిఫర్డ్‌కి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఓడ యజమాని విచారించలేదు. లారీ విచారించాడు, మామూలుగా కూడా కాదు, రెండుసార్లు. కానీ తన నమ్మకాన్ని పడగొట్టే ప్రశ్న కోసం వెతకలేదు, నిలబెట్టే జవాబు కోసం వెతికాడు. కాబట్టి "ఫోను తీసి చూసుంటే సరిపోయేది" అనే నా పశ్చాత్తాపం కూడా సగమే. నేను తీసి చూసినా, "సూపర్ గ్లూ అక్రిలిక్‌కి పట్టుకుంటుందా" అని వెతికితే, అవునని చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరికేవాళ్ళు. నేను అడగాల్సిన ప్రశ్న వేరు. ఇది ఎప్పుడు, ఎలా వదిలేస్తుంది? వదిలేస్తే ఎవరికి దెబ్బ?

*

ఇక్కడ నా స్నేహితుడొకడు అడ్డుపడ్డాడు. "ప్రతి చెప్పుకీ, ప్రతి బకెట్టుకీ ఇంత విచారణ చేస్తూ కూర్చుంటే ఎవడైనా బతగ్గలడా? బిందెకి మాటు వేసేవాణ్ణి మీ అమ్మ ఏ రోజైనా ఇన్ని ప్రశ్నలడిగిందా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ తెలుసుకుని ఎవరూ ఏ పనీ చెయ్యలేరు. బస్సెక్కేముందు బ్రేకులు చూడం.

నాకు తోచిన జవాబిది. ఎంత తెలుసుకోవాలి అనేది వస్తువుని బట్టి కాదు, అది విరిగితే నష్టం ఎవరి మీద పడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. నా చెప్పు నడిరోడ్డు మీద ఊడితే కుంటుతూ వచ్చేది నేనే. అక్కడ "ఆగుతుందిలే" అనుకునే హక్కు నాకు పూర్తిగా ఉంది. అమ్మ బిందెకి మాటు ఊడితే వంటింట్లో నీళ్ళు కారతాయి, ఆవిడ చూస్తుంది, మళ్ళీ వేయిస్తుంది. చేప చూడలేదు, అడగలేదు, తొట్టి వదిలి పోలేదు. తొమ్మిదో తరగతి కుర్రాడు అడగ్గలడు, అడిగాడు కూడా, కానీ నా జవాబుని తనిఖీ చెయ్యలేడు. తనిఖీ చెయ్యలేనివాళ్ళ తరఫున "లే" అనే చనువు మనకి లేదు.

ఇంకో సంగతి. ఎంత తెలుసుకున్నా కొంత తెలీకుండానే మిగులుతుంది. 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలో ఉన్న ఆక్వాడోమ్ అనే అక్రిలిక్ తొట్టి పగిలిపోయింది. ప్రపంచంలో అంత పెద్ద స్తంభం ఆకారపు తొట్టి ఇంకోటి లేదనేవారు. పది లక్షల లీటర్ల నీళ్ళు, దాదాపు 1500 చేపలు. నీళ్ళు వీధిలోకి కొట్టుకొచ్చాయి, చేపల్లో చాలా వరకు చచ్చిపోయాయి. ఆ వేళకి లాబీలో జనం లేరు కాబట్టి మనుషుల ప్రాణాలు దక్కాయి. అంతకు కొన్ని నెలల ముందే దాన్ని పూర్తిగా ఖాళీ చేసి మరమ్మతులు చేశారు. పగిలాక నిపుణులు ముక్కలన్నీ పరిశీలించి కూడా కారణం ఒక్కటని తేల్చలేకపోయారు. ఒక అతుకు వదిలి ఉండొచ్చన్నది వాళ్ళు చెప్పిన అవకాశాల్లో ఒకటి. అక్కడ సొరుగులోంచి ట్యూబు తీసినవాడెవడూ లేడు. ఉన్నది ఇంజనీర్లే.

అంటే సరైన జిగురు ఏదో తెలుసుకోవడం సగం పని. అది కూడా ఓడిపోతే ఏమవుతుందో ముందే ఆలోచించి పెట్టుకోవడం మిగతా సగం. మా పనిలో దీన్ని రోజూ చేస్తాం. ఈ సర్వర్ పడిపోతుంది అనుకునే పక్కన ఇంకోటి పెడతాం. ఆ ఆదివారం నేను "అతికించాను, కానీ ఎన్నాళ్ళుంటుందో నాకు తెలీదు" అని ఉంటే, తర్వాతి ప్రశ్న దానంతటదే వచ్చేది. ఊడితే ఎలా? అప్పుడు పంపుని అడుగు నుంచి తీసి, నీటి మట్టానికి మూడంగుళాల కింద తగిలించేవాళ్ళం. పెట్టె పూర్తిగా ఊడిపోయినా తొట్టిలో మూడంగుళాల నీళ్ళే పోయేవి. పదకొండు చేపలూ బతికేవి. ఆ అతుకు అంత చెత్తదైనా సరే. చేపల్ని చంపింది జిగురు కంటే ఎక్కువగా నా మాటలోని ధీమా. ఆ ధీమా వాడి చేత ఇంకో ప్రశ్న అడగనివ్వలేదు.

*

బండి మీద తిరిగొస్తున్నప్పుడు వాడి మొదటి ప్రశ్నకి మళ్ళీ జవాబు చెప్పాను.

"నాకు తెలీదు" అనే వాక్యంలో నేను కర్తని కాను. తెలియడం అనేది ఎక్కణ్ణుంచో నాకు రావాలి, రాలేదు, నేనేం చెయ్యను? తెలుగు నాకు ఆ సౌకర్యం ఇచ్చింది. ఇంకో వాక్యాన్ని కూడా అదే తెలుగు ఇచ్చింది. "నేను తెలుసుకోలేదు." ఇందులో దాక్కునే చోటు లేదు, కర్త నేనే. వాడు నా ముందు రెండు దారులు పెట్టాడు: తెలీదా, తెలిసీ చెప్పలేదా. నాది మూడోది.

"అప్పుడు నాకు డౌటొచ్చిందిరా. చూసుకోలేదు. నీకూ చెప్పలేదు" అన్నాను. హెల్మెట్‌లోంచి వాడికి ఎంత వినబడిందో. కాసేపు ఏం అనలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "మరి ఆ షాపు అంకుల్‌కి చెప్తారా, ఆ వాసన గురించి?" అన్నాడు.

తర్వాతి వారం వెళ్ళి చెప్పాను. ఫ్యాన్‌ని అతని వెనక పెట్టి, గాలి గుమ్మం వైపు పోయేలా తిప్పాం. ఆవిరికి పనికొచ్చే బొగ్గు ఫిల్టర్ మాస్క్ ఒకటి కొనిచ్చాను. "మంచిగున్నది సార్" అని మేకుకి తగిలించాడు. పెట్టుకుంటున్నాడో లేదో నాకు తెలీదు. ఒక మాస్క్‌తో ఆ లెక్క తీరిపోయిందని కూడా అనుకోవట్లేదు. ఆ గదికి కిటికీ లేకపోవడం నేను కొనిచ్చే వస్తువుతో తీరేది కాదు.

పెట్టెని ఒక రోజంతా ఆరనిచ్చి, రెండో రోజు నీళ్ళు నింపి, పాత పేపరు మీద పెట్టి రాత్రంతా వదిలేశాం. కారితే పేపరు చెప్తుంది. పొద్దున వాడు పెట్టెని ఎత్తి, వంగి పేపరు తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఇంకో రెండు రాత్రులు అలాగే చూశాం. ఆ తర్వాతే తొట్టికి తగిలించాం, పంపుని మూడంగుళాల లోతులో పెట్టి.

"అయితే ఆగుతుందా అంకుల్?"

"మూడు రాత్రులు ఆగింది" అన్నాను.

వాడు మార్కర్ తీసుకుని పెట్టె పక్కన, అతుకుకి కొంచెం పైన, ఆ రోజు తేదీ వేశాడు. నెలకోసారి తీసి చూస్తాడట.